పేరు పెట్టడమే నేరం: డాయన్ చట్టం నుంచి డీప్‌ఫేక్ దాకా

1999లో బిహార్ రాష్ట్రం ఒక చిన్న చట్టం చేసింది. దాని పేరు డాయన్ ఆచారాల నిరోధక చట్టం. డాయన్ అంటే మంత్రగత్తె. తెలంగాణ పల్లెల్లో బాణామతి అనీ, గోదావరి, ఉత్తరాంధ్ర మన్యాల్లో చిల్లంగి అనీ, మిగతా చోట్ల చేతబడి అనీ పిలిచే నింద ఛోటానాగపూర్‌లో ఒక స్త్రీ మీద పడితే ఆమె డాయన్ అవుతుంది. పొరుగింటి బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, ఊళ్లో పశువు చచ్చినా కారణం ఆమె అవుతుంది. చాలాసార్లు అసలు కారణం ఆమె పేరున ఉన్న కాస్త పొలం. దేశంలో ఈ నిందపై ప్రత్యేక చట్టం తెచ్చిన తొలి రాష్ట్రం బిహారే. 2000 నవంబరు 15న విడివడిన జార్ఖండ్, మరుసటి ఏడాదే ఆ చట్టాన్ని తనదిగా స్వీకరించింది.

ఆ చట్టానికి బీజం పడింది పట్నాలో కాదు, జంషెడ్‌పూర్‌లో. టాటాల ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఈ ఊరు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కూలికి వెళ్లిన తెలుగువారికి కొత్తది కాదు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి తరాల ఉనికికి గుర్తు. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలైన ఊరు అది. దేశమంతటికీ ఆ హక్కు చట్టంగా రావడానికి మరో మూడున్నర దశాబ్దాలు పట్టింది. అయితే కొలిమి వెలుగు ఆగిన చోట మరో లోకం మొదలవుతుంది. 1990లలో జంషెడ్‌పూర్‌లోని ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ అనే న్యాయ సహాయ బృందం సింహభూమ్ పల్లెల్లో తిరిగి డాయన్ నిందల బాధితులను కలిసింది. చట్టం కావాలని ఉద్యమించింది, ముసాయిదా రాసింది. అదే దశాబ్దంలో ఇక్కడికి దగ్గరలోని సరాయికేలా ప్రాంతంలో డాయన్ ముద్ర వేసి ఊరి నుంచి తరిమేసిన ఛుట్నీ మహతో, తర్వాతి కాలమంతా తనలాంటి స్త్రీల వెంట పోలీసు ఠాణాలకు తిరుగుతూనే గడిపారు. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

ఆ చట్టంలో గమనించవలసినది మూడో సెక్షన్. ఒక వ్యక్తిని డాయన్‌గా గుర్తించి చెప్పడమే అక్కడ నేరం. కొట్టారా, ఊరేగించారా, వెలివేశారా అన్నవి తర్వాతి సెక్షన్ల సంగతి. పేరు పెట్టడం దగ్గరే చట్టం చెయ్యి అడ్డం పెడుతుంది. ఆమె నిజంగా మంత్రగత్తె కాదని రుజువు చేసుకోవలసిన పని ఆమెకు లేదు. విన్నవాళ్లు నమ్మారో లేదో లెక్కలోకి రాదు. శాసన నిర్మాతలు ఒక అనుభవ సత్యాన్ని అంగీకరించారు: స్త్రీ మీద కొన్ని అబద్ధాలు మోపితే, అవి అబద్ధాలని తేలినా చేయవలసిన హాని చేసేస్తాయి.

కాలు శతాబ్దం తర్వాత అదే సత్యం మరో రూపంలో ఎదురు నిలిచింది. ఈసారి పేరు పెట్టేది ఓఝా కాదు, ఫోన్‌లోని ఒక యాప్. స్త్రీ ముఖాన్ని ఏ సామాజిక మాధ్యమం నుంచో తీసుకుని, కృత్రిమ మేధతో ఆమెది కాని నగ్న దేహాన్ని అతికించే పని ఒకప్పుడు నిపుణులకే సాధ్యం. 2017 చివర్లో రెడిట్‌లో ‘డీప్‌ఫేక్స్’ అన్న మారుపేరుతో ఒకరు మొదలుపెట్టిన తంతు రెండేళ్లలో ఎక్కడికి చేరిందంటే, 2019లో డీప్‌ట్రేస్ అనే సంస్థ లెక్క తీస్తే అంతర్జాలంలోని డీప్‌ఫేక్ వీడియోల్లో 96 శాతం అశ్లీలమైనవే. డీప్‌ఫేక్ అనగానే ఎన్నికలూ, నాయకుల నకిలీ ప్రసంగాలూ గుర్తుకొచ్చే రాజకీయ వర్గాలు ఈ సంఖ్యను అంతగా పట్టించుకోలేదు. 2018లోనే పాత్రికేయురాలు రాణా అయ్యూబ్ ముఖంతో ఇలాంటి వీడియో దేశమంతా తిరిగిందన్న సంగతీ వారికి త్వరగానే మరపున పడింది.

తెలుగు నేల మీద ఈ హానికి ప్రాణాలే పోయాయి. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో చిన్న పిల్లలున్న ఒక జంట ఆత్మహత్య చేసుకుంది. తీసుకున్నది రుణయాప్‌లో చిన్న అప్పు. భార్య ఫొటోను మార్ఫింగ్ చేసి నగ్నచిత్రంగా బంధువులకు పంపుతామన్న బెదిరింపు వారిని ఆ గతికి నెట్టింది. అది కృత్రిమ మేధ కూడా కాదు, నాసిరకం అతుకు. చూసిన ఎవరికైనా నకిలీ అని తెలిసేదే. అయినా ప్రాణాలు పోయాయి.

ఇలాంటి హానిని భారతీయ చట్టం ఏ కంటితో చూసిందన్నది చరిత్రలోకి వెళ్తేనే అర్థమవుతుంది. 1860 నాటి శిక్షాస్మృతిలో సెక్షన్ 292 అశ్లీల వస్తువుల అమ్మకాన్ని శిక్షించింది. అది కాపాడదలచినది చూసేవాడి శీలాన్ని. చిత్రంలో ఉన్న మనిషిని కాదు. 1986లో వచ్చిన మహిళల అసభ్య చిత్రణ నిషేధ చట్టం స్త్రీజాతి గౌరవం గురించి మాట్లాడింది గానీ ఫలానా స్త్రీ అనుమతి గురించి కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని సెక్షన్ 67 పాత 292కే ఎలక్ట్రానిక్ తొడుగు. ఈ వరుసలో ఎక్కడా ‘ఆమె ఒప్పుకుందా?’ అన్న ప్రశ్న లేదు.

ఆ ప్రశ్న పుట్టింది గోప్యత అనే మరో పాయలో. దాని మూలంలోనూ ఒక యంత్రమే ఉంది. 1890లో అమెరికా న్యాయవాదులు శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ గోప్యతా హక్కుపై వ్యాసం రాసినప్పుడు వారిని కలవరపెట్టింది అప్పటికప్పుడు ఫొటో తీయగల కెమెరా. పదేళ్లకు న్యూయార్క్‌లో అబిగెయిల్ రాబర్సన్ అనే అమ్మాయి కోర్టుకెక్కింది. ఆమెకు తెలియకుండా ఆమె బొమ్మను పిండి కంపెనీ ప్రకటనలపై వేలాది ప్రతులు అచ్చువేసి గోడలకు అంటించారు. అలాంటి హక్కేదీ చట్టంలో లేదని 1902లో అత్యున్నత రాష్ట్ర న్యాయస్థానం ఒక్క ఓటు తేడాతో కొట్టేసింది. జనం మండిపడ్డారు, మరుసటి ఏడాదే న్యూయార్క్ శాసనసభ చట్టం చేసింది. ఆ తీర్పు రాసిన ఆల్టన్ పార్కర్ 1904లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ ఫొటోగ్రాఫర్లు తన ఇంటివాళ్లను విసిగిస్తున్నారని వాపోయారు. ఆ హక్కు లేదన్నది తమరే కదా అని రాబర్సన్ పత్రికాముఖంగా గుర్తుచేసింది. రాజకీయ నాయకుడికి గోప్యత విలువ తెలిసివచ్చే సమయం అప్పటికీ ఇప్పటికీ ఒకటే.

మన దేశంలో ఆ పాయ నెమ్మదిగా పారింది. రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదని 1954లో ఎం.పి. శర్మ కేసులోనూ, 1962లో ఖరక్ సింగ్ కేసులోనూ సుప్రీంకోర్టు అంది. 2017 ఆగస్టు 24న జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ మాట చెరిపేసి, గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆ కేసు ఆధార్ గురించి, అంటే పౌరుడికీ రాజ్యానికీ మధ్య తగాదా గురించి. ఒక పౌరుడు మరో పౌరురాలి రూపాన్ని దొంగిలిస్తే ఏం చేయాలన్నది శాసనసభలకే మిగిలిపోయింది.

శాసనకర్తలు కదిలినప్పుడల్లా ఒక కుంభకోణం వెనక నుంచి తోసింది. 2004లో ఢిల్లీలో ఇద్దరు స్కూలు విద్యార్థుల వీడియో వేలం వెబ్‌సైట్‌కెక్కిన ఉదంతం తర్వాత, 2008 డిసెంబరులో సవరణ బిల్లు పార్లమెంటులో రభస మధ్య చర్చ లేకుండా గట్టెక్కింది. దానితో వచ్చిన సెక్షన్ 66ఇ తొలిసారి అనుమతి లేకపోవడాన్నే నేరానికి కేంద్రం చేసింది. 2013లో, నిర్భయ ఘటన తర్వాత, చాటుగా చూడటం, చిత్రించడం శిక్షాస్మృతిలో చేరాయి. ఇప్పుడవి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 77. రెండూ మంచి చట్టాలే. కానీ రెండూ కెమెరా యుగానివి. ఒక వ్యక్తి మర్మాంగాల చిత్రాన్ని తీయడం, ప్రచురించడం, పంపడం 66ఇ కింద నేరం. అదీ ఆమె ఏకాంతాన్ని ఆశించగల పరిస్థితుల్లో తీసినదై ఉండాలి. డీప్‌ఫేక్‌లో ఎవరూ ఏదీ తీయలేదు. కనిపించే దేహం ఆమెది కాదు. ఆమె ఎక్కడా దుస్తులు విప్పలేదు. నిందితుడి తరఫు న్యాయవాదికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ ఇబ్బంది 2023 నవంబరులో అందరికీ కనబడింది. లిఫ్టులోకి అడుగుపెడుతున్న ఒక బ్రిటిష్ భారతీయ యువతి వీడియోకు నటి రష్మిక మందన్న ముఖం అతికించి వదిలారు. ఢిల్లీ పోలీసులు ఎఫ్ఐఆర్ రాస్తూ 66ఇ తోపాటు గుర్తింపు చౌర్యానికి సంబంధించిన 66సి, శిక్షాస్మృతిలోని 465, 469 సెక్షన్లు పెట్టారు. ఆ చివరి రెండూ ఫోర్జరీకి చెందినవి. నకిలీ పట్టా, దొంగ సంతకం పట్టుకోవడానికి మెకాలే కాలంలో రాసిన మాటల్లో ఒక స్త్రీ రూపాన్ని ఇమడ్చవలసి వచ్చింది. 2024 జనవరిలో గుంటూరు జిల్లాలో ఒక యువ ఇంజినీరును అరెస్టు చేశారు. అభిమాన పేజీకి అనుచరులను పెంచుకోవడానికే ఈ పని చేశాడని పోలీసులు చెప్పారు. పగ కాదు, కక్ష కాదు. లెక్క పెరగాలి, అంతే. మరో సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఆ వీడియోలో దేహం ఎవరిదో ఆ యువతి కూడా బాధితురాలే. ముఖం పోగొట్టుకున్న స్త్రీని ఏ సెక్షన్ గుర్తిస్తుంది?

హైదరాబాద్‌కు ఈ చరిత్రలో తనదైన స్థానం ఉంది. 2015 ఫిబ్రవరిలో ప్రజ్వల సంస్థకు చెందిన సునీతా కృష్ణన్ వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోల గురించి సుప్రీంకోర్టుకు లేఖ రాశారు. కోర్టు దాన్ని సుమోటోగా స్వీకరించింది, సీబీఐని దర్యాప్తుకు దించింది, గూగుల్, ఫేస్‌బుక్ వంటి సంస్థలను కూర్చోబెట్టి మాట్లాడించింది. ఆ విచారణ నడుస్తుండగానే 2018 సెప్టెంబరులో ఇంటి నుంచే ఫిర్యాదు చేయగల జాతీయ సైబర్ నేరాల పోర్టల్ వచ్చింది. 2021 ఫిబ్రవరి నాటి ఐటీ నిబంధనలు బాధితురాలు అడిగిన 24 గంటల్లో ఇలాంటి చిత్రాలను తొలగించాలన్నాయి; ‘కృత్రిమంగా మార్ఫ్ చేసిన’ చిత్రాలను కూడా పేరెత్తి చెప్పాయి. నకిలీ చిత్రం అన్న మాట నిబంధనల్లోకి స్పష్టంగా దిగింది ఇక్కడే. అయితే అది వేదికల బాధ్యత. తయారుచేసిన వాడి నేరం కాదు.

అంటే తయారీ ఎక్కడా నేరం కాదా? ఒక్క చోట అవుతుంది. అదే 2008 సవరణలో వచ్చిన సెక్షన్ 67బి పిల్లలను అశ్లీలంగా చూపే డిజిటల్ చిత్రాలను సృష్టించడం, సేకరించడం, వెతకడం కూడా శిక్షార్హమంది. 2019లో పోక్సో చట్టాన్ని సవరించినప్పుడు నిజమైన బిడ్డ నుంచి వేరుచేసి చూడలేని కంప్యూటర్ చిత్రాన్నీ నిర్వచనంలో కలిపారు. బిడ్డ దేహాన్ని కెమెరా నిజంగా చూసిందా అని చట్టం అడగదు. పదిహేడేళ్ల అమ్మాయి విషయంలో యంత్రం గీసిన దేహం ఆమె మీద దాడేనని ఒప్పుకున్న పార్లమెంటు, ఆమెకు పద్దెనిమిది నిండిన మర్నాడు మాటమార్చి, ప్రచురణ జరిగిందా, అశ్లీలమేనా అని అడగడం మొదలుపెడుతుంది. ఈ తేడాకు తార్కిక కారణం ఎక్కడా లేదు. కొత్త సిద్ధాంతం అక్కర్లేదు, ఉన్న సూత్రాన్ని పెద్దలకూ విస్తరిస్తే సరిపోతుంది. పెళ్లి సంబంధం చూస్తున్న ఇంట్లో, కాలేజీ గ్రూపులో, ఆఫీసులో ‘నా దగ్గర ఉంది, బయటపెట్టమంటావా’ అన్న బెదిరింపు ప్రచురణకు ముందే పనిచేసేస్తుంది. బలవంతపు వసూలు, నేరపూరిత బెదిరింపు సెక్షన్లు అక్కడ ఉన్నాయి, నిజమే. కానీ ఏమీ అడగకుండా చిత్రాన్ని చేసి దాచుకున్న వాడిని అవి అందుకోవు.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఈ లోటు తీరుస్తుందని ఆశించినవారికి దాని మూడో సెక్షన్ చదివితే సరిపోతుంది. వ్యక్తి తన సొంత, గృహ అవసరాలకు వాడుకున్న డేటాకు ఆ చట్టం వర్తించదు. మనిషి తానే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికీ వర్తించదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పండుగ నాడు పట్టుచీరతో పెట్టిన ఫొటో ఆమె బహిరంగంగా పెట్టినదే కదా! పదేళ్ల చర్చ తర్వాత వచ్చిన గోప్యతా చట్టం, ఈ కాలంలో స్త్రీకి అతి సాధారణంగా జరిగే గోప్యతాభంగం ముందు ఇలా చేతులెత్తేస్తుంది. పైగా నిర్లక్ష్యంగా ఉన్న సంస్థల నుంచి పరిహారం కోరే వీలిచ్చిన ఐటీ చట్టం 43ఎ సెక్షన్‌ను తొలగించడానికీ ఇదే చట్టం దారి వేసింది.

2026 జనవరిలో ఎక్స్ వేదికకు చెందిన గ్రోక్ స్త్రీల ఫొటోల నుంచి బట్టలు తీసేస్తోందన్న గొడవ ప్రపంచమంతా రేగి, కేంద్రం ఆ సంస్థకు నోటీసు పంపింది. తర్వాతి నెలలో ఐటీ నిబంధనలు మళ్లీ మారాయి. కృత్రిమ చిత్రాలకు గుర్తు వేయాలన్నారు, తొలగింపు గడువును గంటలకు కుదించారు, ఇలాంటివి తయారుకాకుండా సాధనాలిచ్చే సంస్థలు సాంకేతిక కట్టడి పెట్టాలన్నారు. ఇందులో చివరిది విలువైనది. మొదటిది మాత్రం ఈ హానికి మందు కాదు. నాయకుడి నకిలీ ప్రసంగం మీద ‘ఇది కృత్రిమం’ అని రాస్తే ఓటరు మోసపోడు. స్త్రీ నకిలీ నగ్నచిత్రం మీద అదే ముద్ర వేస్తే ఆమెకు ఒరిగేదేమిటి? మంత్రగత్తె అని గోడ మీద రాసి, కింద ‘ఇది నిజం కాదు’ అని చేర్చినట్టుంటుంది.

బయటి ప్రపంచం ఈ దారిలో కొంత నడిచింది. అమెరికాలో 2025 మే 19న సంతకమైన టేక్ ఇట్ డౌన్ చట్టం నకిలీ చిత్రాల ప్రచురణను నేరం చేసి, 48 గంటల్లో తీసేయమంది. బ్రిటన్ అదే ఏడాది చట్టంలో తయారీని కూడా చేర్చింది. దక్షిణ కొరియా 2024లో పాఠశాలలు, కళాశాలల టెలిగ్రామ్ గ్రూపుల ఉదంతంతో ఉలిక్కిపడి, దగ్గర ఉంచుకోవడాన్నీ చూడటాన్నీ శిక్షార్హం చేసింది.

అయితే కొత్త నేరాన్ని రాయడంలో ప్రమాదం లేదనుకోవడం అమాయకత్వం. 66ఎ అనుభవం ఈ దేశానికి ఉంది. ఆడపిల్లలను వేధింపుల నుంచి కాపాడుతుందని సమర్థించిన ఆ సెక్షన్ కిందనే 2012లో ముంబయి బంద్‌పై ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయిని, దాన్ని మెచ్చిన స్నేహితురాలిని అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి మరింత చిక్కు. పార్టీల సోషల్ మీడియా దళాలు ప్రత్యర్థుల ఇంటి ఆడవాళ్లను వీధికి లాగడం ఒక పక్క, నాయకులపై వ్యంగ్య చిత్రానికి సైతం మార్ఫింగ్ కేసు పెట్టడం మరో పక్క. 2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు, పవన్ కల్యాణ్, లోకేశ్‌ల మార్ఫింగ్ ఫొటోలు పెట్టారన్న ఫిర్యాదుపై దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ మీద మద్దిపాడు పోలీసులు కేసు నమోదు చేశారు. ఆ కేసు మంచిచెడ్డలు ఎలా ఉన్నా, నాయకుడి ముఖం మార్చిన బొమ్మా, ఒక స్త్రీని వివస్త్రను చేసిన బొమ్మా ఒకే ‘మార్ఫింగ్’ మాట కింద పడకూడదు. గౌరవభంగం, మనోభావాలు, పరువు వంటి సాగే మాటలు పక్కనపెట్టి, లైంగిక దేహం, అనుమతి అనే రెండు కొలతలకే నేరాన్ని కట్టేస్తే ఆ గీత నిలుస్తుంది. కార్టూనిస్టు అప్పుడు భయపడనక్కర్లేదు.

డాయన్ చట్టం ఇక్కడ మరో విధంగానూ గుర్తుకొస్తుంది. పేరు పెట్టడాన్ని నేరం చేసిన ఆ మూడో సెక్షన్ విధించే శిక్ష గరిష్ఠంగా మూడు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. 2015 ఆగస్టులో రాంచీ జిల్లా కంజియా గ్రామంలో ఒకే రాత్రి ఐదుగురు స్త్రీలను మంత్రగత్తెలని చంపేశారు. చట్టం పుట్టి అప్పటికి పదహారేళ్లు. సూత్రం సరైనదే, దాన్ని మోసే చేతులు బలహీనం. జంషెడ్‌పూర్ బృందాలు చట్టం వచ్చిన తర్వాత కూడా పల్లెలు తిరగడం మానకపోవడానికి కారణం అదే.

సైబర్ నేరాల్లో ఆ చేతుల సంగతి ఐటీ చట్టం 78వ సెక్షన్‌లో రాసే ఉంది: ఆ చట్టం కింది నేరాలను ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. సబ్‌ఇన్‌స్పెక్టర్లతో నడిచే పల్లె ఠాణాల్లో ఆ హోదా అధికారి ఎప్పుడూ అందుబాటులో ఉండడు. జంషెడ్‌పూర్‌లో సైబర్ ఠాణా నగరం నడిబొడ్డున బిష్టుపూర్‌లో ఉంది. తూర్పు సింహభూమ్ జిల్లా చివరన, బెంగాల్, ఒడిశా సరిహద్దుల్లో ఉన్న బహరాగోడా నుంచి ఒక అమ్మాయి అక్కడికి రావాలంటే ఇంట్లో ఏదో ఒక కారణం చెప్పి ఒక పూటంతా ప్రయాణం చేయాలి. పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే ప్రయాణం తప్పుతుంది. ఆ తర్వాత వాంగ్మూలం కోసం పిలుపు వస్తుంది, ఫోన్ అప్పగించమంటారు, ఆ చిత్రాన్ని మరోసారి తెరిచి చూపించమంటారు.